ప్రక్క కుర్చీలో 30 ఏండ్లు

నార్త్ కెరొలైనా విశ్వవిద్యాలయపు బాస్కెట్‌బాల్ జట్టునకు 36 సంవత్సరములు ప్రధాన శిక్షకుడై, 879 విజయములు గడించి, అమెరికా కళాశాల క్రీడారంగమున ఆనాటికి అంతటి లెక్క మరియొకరికి లేదనిపించుకొన్న డీన్ స్మిత్, 1997 అక్టోబరు 9వ తేదీన పదవీవిరమణము ప్రకటించినప్పుడు, ఆ పీఠమున కూర్చుండదగినవానికై విశ్వవిద్యాలయమువారు దేశమంతయు గాలింపవలసిన పని లేకపోయెను. 30 ఏండ్లుగా ఆయన ప్రక్క కుర్చీలో కూర్చుండి యున్న బిల్ గుత్‌రిడ్జ్ ఆ పీఠమునెక్కెను. కొత్త శిక్షణకాలము ముంగిటికి వచ్చిన తరుణమున స్మిత్ తప్పుకొనుటలోని ఉద్దేశమే తన సహచరునికి ఆ కుర్చీ దక్కవలెనని అక్కడివారు నేటికిని చెప్పుకొందురు. గుత్‌రిడ్జ్ వయస్సు అప్పటికి 60. మన యొద్ద ఉద్యోగులు పింఛను కాగితములు సర్దుకొను ప్రాయము. ఆ ప్రాయమున ఆయన ఒక కళాశాల జట్టునకు మొదటిసారిగా ప్రధాన శిక్షకుడయ్యెను.

అంతకు ముందు కళాశాల స్థాయిలో 35 ఏండ్లు ఆయన చేసిన కొలువు పేరు అసిస్టెంట్ కోచ్. ఈ కొలువును పెద్ద కుర్చీకి చేర్చు మెట్టుగా మాత్రమే లోకము చూచుచున్నది. ఎవడైన పదేండ్లు అందులో నిలిచినచో, పాపము ఇంకను పైకి రాలేదే యని జాలిపడుచున్నది. ఆ జాలి అనవసరమనియు, అది తనంత తానే సంపూర్ణమైన విద్య యనియు, ఆ విద్యకు తగిన వేతనమును, నిలుకడను, మన్ననను ఈయకపోవుట వలననే అమెరికా కళాశాల క్రీడకు కొన్ని తెగుళ్లు పట్టినవనియు నా నిశ్చితాభిప్రాయము. దండమూడి రామమోహనరావుగారు వేదికపై మృదంగము ముందు కూర్చున్నప్పుడు, ఈయన గాయకుడెప్పుడగునని అడిగిన శ్రోత ఒక్కడైన ఉండెనా? పక్కవాద్యమునందలి విద్వత్తును విద్వత్తుగానే గౌరవించిన సంప్రదాయము మనది. కావున ఈ విషయము మనవారికి సులభముగనే బోధపడవలెను.

మన దేశమున కళాశాల ఆటలనగా సాయంకాలపు కాలక్షేపము. అంతర్విశ్వవిద్యాలయ పోటీలు జరిగిన సంగతి మరునాటి పత్రికలో ఒక మూల నాలుగు పంక్తులతో ముగిసిపోవును. అమెరికాలో అట్లు కాదు. నార్త్ కెరొలైనా విశ్వవిద్యాలయమున్న చాపెల్ హిల్ అను చిన్న పట్టణమున విద్యార్థుల జట్టు ఆడుకొనుటకు కట్టిన మందిరమునందు 21 వేలకు పైగా జనము పట్టుదురు. అక్కడికి చేరువనే యున్న కేరీ, మోరిస్‌విల్ ఊళ్లలో ఇండ్లు కట్టుకొని స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము. మార్చి నెల వచ్చినదనగా ఆ ప్రాంతమున ఆఫీసులలోను, బడులలోను ఈ ఆట తప్ప మరియొక ప్రసంగముండదని వారికి తెలియును. ఎన్.సి.ఎ.ఎ. అను కళాశాలల క్రీడాసంఘము ఏలుబడిలో మొదటి శ్రేణియందు 350కి పైగా పురుషుల జట్లు కలవు. ఒక్కొక్క జట్టునకు ఒక ప్రధాన శిక్షకుడు, చిరకాలము ముగ్గురు సహాయకులు; 2023 నుండి ఐదుగురు వరకు ఉండవచ్చునని నిబంధన సడలించిరి. అనగా టెలివిజన్ తెరపై కోటు తొడిగి కేకలు వేయు ఒక్కొక్కని వెనుక ముఖము తెలియనివారు ముగ్గురు నలుగురు పనిచేయుచుందురు.

ఈ వృత్తిలోనికి రాజమార్గమేదియు లేదు. ఒకడు ఆటగాడుగా పేరు తెచ్చుకొని వచ్చును. మరియొకడు పల్లెటూరి హైస్కూలులో చరిత్రయో లెక్కలో చెప్పుకొనుచు సాయంకాలము పిల్లలచేత బంతి ఆడించి, ఎవరి దృష్టిలోనో పడి వచ్చును. ఆటగాండ్రకు తువ్వాళ్లందించి, మంచినీళ్లు మోసి, చెమట బట్టలు ఉతికించు స్టూడెంట్ మేనేజరుగా అడుగిడి, పిమ్మట గ్రాడ్యుయేట్ అసిస్టెంటై, ఆటల ఫిల్మును కత్తిరించి అతికించు వీడియో కోఆర్డినేటరై, ప్రయాణములు, బసలు, భోజనములు చూచు ఆపరేషన్స్ డైరెక్టరై, ఎట్టకేలకు బెంచీ మీద చోటు సంపాదించువారును కలరు. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయమున టామ్ ఇజ్జో 1983లో పార్ట్‌టైమ్ సహాయకుడుగా చేరి, జడ్ హీత్‌కోట్ వద్ద పన్నెండేండ్లు శుశ్రూష చేసి, 1995లో ఆయన స్థానమునకు వచ్చి, 2000లో జాతీయ విజేత యయ్యెను. ఇట్టి కథలే పత్రికలకెక్కును. ఎక్కని కథలు వేలకొలది.

గుత్‌రిడ్జ్ కాన్సాస్ రాష్ట్రములోని పార్సన్స్ పట్టణమున 1937లో జన్మించెను. కాన్సాస్ స్టేట్ కళాశాలలో ఆటగాడై, 1958లో జాతీయ పోటీల తుది నాలుగు జట్లలో నిలిచిన బృందమునందుండెను. స్కాట్ సిటీ హైస్కూలులో కొంతకాలము శిక్షకుడుగా ఉండి, 1962లో తన గురువైన టెక్స్ వింటర్ వద్దకే సహాయకుడుగా తిరిగి వచ్చెను. ఈ వింటర్ సంగతి ఇక్కడ చెప్పితీరవలెను. త్రికోణ వ్యూహమను దాడి పద్ధతిని శాస్త్రముగా తీర్చిదిద్దిన ఆయన, అనేక జట్లకు ప్రధాన శిక్షకుడై పనిచేసినను, శాశ్వతకీర్తి గడించినది మాత్రము వృద్ధాప్యమున, షికాగో బుల్స్ జట్టులో ఫిల్ జాక్సన్‌కు సహాయకుడుగా, మైకేల్ జోర్డన్ వంటివానికి ఆ వ్యూహము నేర్పి ఆరు పట్టములు గెలుచుటలో పాలుపంచుకొన్నప్పుడు. శిష్యుడు నడచిన త్రోవలోనే గురువు సైతము తుదకు తన సార్థకతను కనుగొనెనన్న మాట.

1967లో గుత్‌రిడ్జ్ చాపెల్ హిల్ చేరెను. డీన్ స్మిత్ కూడ కాన్సాస్ వాడే; కాన్సాస్ విశ్వవిద్యాలయమున ఫాగ్ అలెన్ శిష్యుడు. ఆ అలెన్ గురువు జేమ్స్ నైస్మిత్. 1891లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఈ ఆటను కనిపెట్టిన మహానుభావుడు. ఇట్లు మూడు తరములలో ఆట పుట్టుక వరకు పోవు ఈ గురుశిష్యపరంపర నిలుచుటకు ఆధారము ప్రక్క కుర్చీయే. స్మిత్ సైతము ఫ్రాంక్ మెగ్వైర్ వద్ద సహాయకుడుగా ఉండియే 1961లో ప్రధాన శిక్షకుడయ్యెను. పుస్తకములు చదివి నేర్చుకొనుటకు వీలుకాని సంగతులు, అనగా ఓడిన రాత్రి బస్సులో ఆటగాండ్రతో ఏమి మాటలాడవలెనో, ఏమి మాటలాడకూడదో, గెలుపు తలకెక్కిన పిల్లవానిని ఎట్లు దించవలెనో, ఇవన్నియు ఏండ్ల తరబడి ప్రక్కన కూర్చుండి చూచినవానికే పట్టువడును.

ఇక ఈ పని యెట్టిదో కొంచెము దగ్గరగా చూడవలెను. రాబోవు ప్రత్యర్థి జట్లను సహాయకులు తమలో పంచుకొందురు. వంతు వచ్చినవాడు ఈ స్కౌట్ నాది యనును. ఆ మాట పలికినది మొదలు అతనికి నిద్రాహారములు వేళకుండవు. ప్రత్యర్థులు ఇటీవల ఆడిన ఆటల ఫిల్ములు ముందు పెట్టుకొని, ఆపి, వెనుకకు త్రిప్పి, మరల చూచి, ఏ ఆటగాడు ఎడమప్రక్కకు తిరిగినప్పుడు తడబడునో, ఎవడు బంతి అందుకొనగానే ఒకసారి నేలకు కొట్టనిదే విసరలేడో, అవతలి శిక్షకుడు పిడికిలి చూపినచో ఏ వ్యూహము రానున్నదో, సరిహద్దు గీత వెలుపల నుండి బంతి లోనికి విసరునప్పుడు ఎవరెవరు ఎటు పరుగెత్తుదురో వ్రాసికొనును. అంత వ్రాసినదానిని ఇరువదేండ్ల పిల్లల బుర్రలకెక్కునట్లు రెండు మూడు పుటలకు కుదించుట వేరొక విద్య. పిమ్మట జట్టులో ఆడు అవకాశమంతగా రాని కుఱ్ఱవాండ్రను కొందరిని చేరదీసి, ప్రత్యర్థుల వ్యూహములను వారికి కంఠస్థము చేయించి, అభ్యాసమున ప్రత్యర్థుల వేషము వారిచేత వేయించును. ఆట జరుగుచుండగా, అవతలి బెంచీ నుండి వ్యూహము పేరు వినబడుటయే తడవు, లేచి తనవారికి అరచి చెప్పును. ఎవనికి ఎన్ని ఫౌళ్లు పడినవి, ఎన్ని టైమ్‌అవుట్లు మిగిలినవి యను లెక్క ఆ కోలాహలమున అతని నాలుక చివరనుండవలెను. గెలిచినచో పత్రికలవారు ప్రధాన శిక్షకుని చుట్టు మూగుదురు. ఓడినచో ఆ స్కౌట్ ఎవరిదో జట్టులో అందరికిని తెలియును.

స్మిత్ అభ్యాసములు నిమిషముల లెక్కన ముందుగనే టైపు చేయించిన కాగితము ప్రకారము సాగెడివి. అలసిన ఆటగాడు పిడికిలి పైకెత్తి తానే విశ్రాంతి కోరవలెను. బుట్టలో బంతి వేసినవాడు దానిని తనకందించినవానివైపు వ్రేలు చూపి కృతజ్ఞత తెలుపవలెను. ఈ నియమములు స్మిత్ పేరుతోనే దేశమెల్ల ప్రాకినవి. నియమము పెట్టుట ఒక యెత్తు, దానిని ప్రతి సాయంకాలము, ప్రతి కుఱ్ఱవానిచేత, ఏటికేడు వచ్చు కొత్తవారిచేత పాటింపజేయుట మరియొక యెత్తు. ఆ రెండవ భారము గుత్‌రిడ్జ్ వంటివారు మోసిరి. ప్రత్యేకించి పొడగరులైన ఆటగాండ్రకు బుట్టక్రింద పాదమెక్కడ మోపవలెనో, వీపు ఆన్చి చోటెట్లు సంపాదింపవలెనో నేర్పుటలో ఆయనకు గట్టి పేరుండెను. 1976 మాంట్రియల్ ఒలింపిక్సులో స్వర్ణము గెలిచిన అమెరికా జట్టునకు స్మిత్ శిక్షకుడు కాగా, అక్కడను ఆయన ప్రక్కన గుత్‌రిడ్జ్ ఉండెను. విశ్వవిద్యాలయము జాతీయ పట్టము గెలిచిన 1982లోను, 1993లోను ఆయనే.

అభ్యాసశాల దాటినచో రెండవ పని, ఆటగాండ్ర వేట. వేసవిలో ఒకే కప్పు క్రింద ఏడెనిమిది ఆటస్థలములలో బాలుర పోటీలు ఏకకాలమున జరుగుచుండగా, తమ కళాశాల గుర్తు కుట్టిన చొక్కాలు తొడిగికొని సహాయకులు గీత ప్రక్కన వరుసగా కూర్చుందురు. ఆ కూర్చుండుట ఆట చూచుటకు మాత్రమే కాదు; మీ కొరకు ఇంత దూరము వచ్చితినని పిల్లవానికిని వాని తల్లికిని కనబడుటకు. పిల్లవానితో మాటలాడరాని కాలములు నిబంధనలలో కలవు. అట్టి వేళలందు కనబడుటయే సంభాషణము. తరువాత ఉత్తరములు, ఫోనులు, ఇంటికి పోయి వంటగదిలో బల్లచుట్టు కూర్చుండి తల్లి అడుగు ప్రశ్నలకు బదులు చెప్పుట. ఆ తల్లులు ఆట సంగతి అంతగా అడుగరు. నా బిడ్డ చదువు పూర్తిచేయునా యని అడుగుదురు. ఆ ప్రశ్నకు సూటిగా సమాధానము చెప్పగలవాడే ఈ వృత్తిలో యోగ్యుడని నేను నమ్ముదును.

రాయ్ విలియమ్స్ జీవితము ఈ వృత్తికి నిదర్శనము. పశ్చిమ నార్త్ కెరొలైనా కొండప్రాంతమున ఒక హైస్కూలు కొలువు వదలుకొని, 1978లో ఏడాదికి 2,700 డాలర్ల జీతముపై స్మిత్ వద్ద పార్ట్‌టైమ్ సహాయకుడుగా చేరెను. సంసారము గడచుటకై వేసవులలో జట్టు క్యాలెండర్లు ఊరూర అమ్మెను. ఆదివారము తెల్లవారుజామున లేచి, స్మిత్ టెలివిజన్ కార్యక్రమపు టేపులను కారులో పెట్టుకొని రాష్ట్రములోని దూరపు స్టేషన్లకు తానే చేరవేసెను. 1980 వేసవి శిబిరమునకు విల్మింగ్టన్ నుండి వచ్చిన బక్కపలుచని కుఱ్ఱవాని ఆట చూచి, వీడు సామాన్యుడు కాడని ముందుగా గ్రహించినవారిలో ఈ విలియమ్స్ ఒకడు. ఆ కుఱ్ఱవాడు మైకేల్ జోర్డన్. పదేండ్లు ఆ కొలువు చేసిన పిమ్మట, 1988లో స్మిత్ సిఫారసుపై కాన్సాస్ విశ్వవిద్యాలయము విలియమ్స్‌ను పిలిచి ప్రధాన శిక్షకుని చేసెను. తరువాత చాపెల్ హిల్‌కే తిరిగివచ్చి 2005, 2009, 2017లలో జాతీయ పట్టములు గెలిచి, 903 విజయములతో విరమించెను. అయినను నా మనస్సును కదలించునది 903 కాదు, 2,700.

ఆ అంకె ఒక వ్యక్తి దురదృష్టము కాదు. 1991లో ఎన్.సి.ఎ.ఎ. ఖర్చు తగ్గించు మిషతో, ప్రతి జట్టులోను ఒక సహాయకుని ఆదాయము ఏడాదికి 16 వేల డాలర్లు దాటరాదని శాసించెను. చిన్నవారు పని నేర్చుకొనుటకు ఉద్దేశించినదని చెప్పిన ఆ స్థానమున అనుభవము పండినవారును చిక్కుపడి, పెండ్లాము బిడ్డలతో ఆ జీతముపై బ్రదుకవలసి వచ్చెను. అదే కాలమున ప్రధాన శిక్షకుల రాబడి ఏటేట పెరుగుచుండెను. సహాయకులు ఏకమై న్యాయస్థానమునకెక్కిరి. యజమానులెల్లరు కూడబలుకుకొని జీతమునకు గరిష్ఠపరిమితి విధించుట వ్యాపారస్వేచ్ఛా చట్టమునకు విరుద్ధమని 1995లో తీర్పు వచ్చెను. అప్పీలు న్యాయస్థానము దానిని స్థిరపరచెను. 1999లో 5 కోట్ల 45 లక్షల డాలర్లు చెల్లించుటకు రాజీ కుదిరెను. సహాయకుని శ్రమకు విలువ కలదని అమెరికాలో తేల్చినది క్రీడాధికారులు కాదు, న్యాయమూర్తులు. ఇది ఆ సంఘమునకు శోభ కూర్చు విషయము కానేరదు.

జీతము పెరిగినను నిలుకడ రాలేదు. ప్రధాన శిక్షకుడు పోయినచో అతనితో పాటు సహాయకులందరు మూటాముల్లె సర్దుకొనవలసినదే. చాపెల్ హిల్‌లోనే 2000లో గుత్‌రిడ్జ్ విరమించి మాట్ డోహర్టీ వచ్చినప్పుడు, తన వెంట తన సహాయకులను తెచ్చుకొనెను. ఒకప్పుడు ఆ జట్టునకే ప్రాణముగా ఆడి, పిమ్మట ఏండ్ల తరబడి సహాయకుడుగా ఉండిన ఫిల్ ఫోర్డ్ వంటివానికి సైతము కుర్చీ దక్కలేదు. ప్రతి వసంతమున జాతీయ తుదిపోటీలు జరుగు నగరమునందే శిక్షకుల సంఘము మహాసభ జరుపుకొనును. ఆ రోజులలో పెద్ద హోటలు ముంగిలిలో, ఉద్యోగము పోయినవారు, పోవునేమోయని భయపడువారు, ఒక మెట్టు పైకెక్కగోరువారు పరిచితుల కొరకు తలుపులవైపు చూచుచు గంటలకొలది నిలువబడి యుందురు. వారి పిల్లలు రెండేండ్లకొక బడి మారుదురు. ఇండ్లు కొనుటకు వారి భార్యలు జంకుదురు.

ఇట్టి అనిశ్చితియందు ప్రలోభమునకు లొంగువారుండుట వింత కాదు. 2017 సెప్టెంబరులో ఫెడరల్ పోలీసులు వేర్వేరు విశ్వవిద్యాలయములకు చెందిన నలుగురు సహాయ శిక్షకులను నిర్బంధించిరి. తమ ఆటగాండ్రను ఫలానా ఏజెంట్ల వద్దకు, సలహాదారుల వద్దకు పంపుటకు లంచములు గైకొనిరన్నది నేరము. అది తప్పే, శిక్ష పడవలసినదే. ఐనను, ఆటగాండ్రను తెచ్చి తీరవలెనను ఒత్తిడి పైనుండి వచ్చెను, గెలుపు ఫలము పైవారికి చేరెను, నేరాభియోగము మాత్రము ఏ ప్రధాన శిక్షకుని మీదను మోపబడలేదు. ఈ పొత్తు కుదరని లెక్కను న్యాయమని నేను ఒప్పుకొనజాలను.

నల్లజాతి శిక్షకుల బాధ మరియొక తీరు. మొదటి శ్రేణి జట్టునకు నల్లవాడొకడు ప్రధాన శిక్షకుడగుటకు, ఇల్లినాయ్ స్టేట్‌లో విల్ రాబిన్సన్‌తో, 1970 వరకు పట్టెను. ఆ పిమ్మటను నల్లవారిని ఆటగాండ్రను తెచ్చు పనికి మాత్రమే నియమించి, వ్యూహరచన వీరి వలన కాదని తలంచు దురాచారము చాలకాలము సాగెను.

పిలుపు రాక ప్రక్క కుర్చీలో నిలిచినవారు వేరు, వచ్చిన పిలుపును త్రోసిపుచ్చి నిలిచినవారు వేరు. 1978లో గుత్‌రిడ్జ్‌ను పెన్ స్టేట్ విశ్వవిద్యాలయము ప్రధాన శిక్షకుడుగా రమ్మని కోరగా, ఆయన పోవుటకే నిశ్చయించుకొనియు తుదకు చాపెల్ హిల్ విడువలేక మనసు మార్చుకొనెను. స్త్రీల క్రీడలో ఇంతకంటె పెద్ద దృష్టాంతము కలదు. కనెక్టికట్ విశ్వవిద్యాలయమున 1985లో జీనో ఆరియెమాకు సహాయకురాలుగా చేరిన క్రిస్ డేలీ, ఆయనతోనే నాలుగు దశాబ్దములు కొనసాగి, 2025 నాటికి ఆ జట్టు గెలిచిన 12 జాతీయ పట్టములలోను భాగస్వామిని యయ్యెను. 2018లో స్త్రీల బాస్కెట్‌బాల్ కీర్తిమందిరము ఆమెను చేర్చుకొనెను. సహాయకురాలిగా చేసిన పనికే ఆ గౌరవము దక్కెను.

గుత్‌రిడ్జ్ పెద్ద కుర్చీలో ఉండినది మూడేండ్లే. మొదటి ఏడు ఆంట్వాన్ జేమిసన్, విన్స్ కార్టర్ల జట్టుతో 34 గెలుపులు, 4 ఓటములు. తుది నాలుగు జట్లలో స్థానము. దేశమునందు ఉత్తమ శిక్షకుడను బిరుదము. రెండవ ఏడు జాతీయ పోటీలలో వీబర్ స్టేట్ అను చిన్న కళాశాల చేతిలో మొదటి ఆటలోనే పరాజయము. మూడవ ఏడు ఓటములు పెరుగగా, ఈయన సహాయకుడుగానే సరి యని అభిమానులు గొణిగిరి. ఆ మాటలు వినవచ్చుచుండగనే, ఎవరికిని ఆశలేని ఆ జట్టును మరల తుది నాలుగింటిలో నిలిపి, 80 గెలుపులు, 28 ఓటముల లెక్కతో ఆ వేసవిలో విరమించెను. ఆటగాడుగా, సహాయకుడుగా, ప్రధాన శిక్షకుడుగా మూడు విధములుగను ఆ తుదిపోటీలను చూచిన అరుదైన మనుష్యుడాయన. 2015 ఫిబ్రవరిలో డీన్ స్మిత్, అదే ఏడు మే నెలలో గుత్‌రిడ్జ్ కాలధర్మము చెందిరి.

అమెరికాలో చదువుకొనుచున్న మన పిల్లలలో ఈ ఆటపై మక్కువ గలవారు నేడు కొల్లలుగా ఉన్నారు. వారిలో జట్టుకు ఎన్నికగునంతటి పొడవు, బలము కొందరికే యుండును. తక్కినవారు నిరాశ చెందనక్కరలేదు. లారెన్స్ ఫ్రాంక్ అను పొట్టి కుఱ్ఱవాడు ఇండియానా విశ్వవిద్యాలయమున బాబ్ నైట్ జట్టునకు స్టూడెంట్ మేనేజరుగా పనిచేసి, పిమ్మట మార్క్వెట్, టెనెస్సీ విశ్వవిద్యాలయములలో శిక్షకవృత్తి నేర్చుకొని, 2004లో న్యూజెర్సీ నెట్స్ అను వృత్తిజట్టునకే ప్రధాన శిక్షకుడయ్యెను. మీ బిడ్డకు అట్టి అభిలాష యున్నచో అడ్డు చెప్పకుడు. ఆగస్టులో కళాశాల తెరువగానే జట్టు కార్యాలయమునకు పోయి మేనేజరు పని యేమైన కలదా యని అడుగుమనుడు. జీతమెంత యని మీరును ఆ మొదటి ఏడు అడుగకుడు.